ముక్క చెప్పే నిజం

గోరంత కండ. చిన్న మైనపు దిమ్మె. పలుచటి గాజు పలక. ఒంట్లో ఉన్న రోగం పేరేమిటో చాలాసార్లు తేల్చేది ఆ మూడే. అంతేకాదు, దశాబ్దాల తర్వాత నోరు విప్పి, అప్పటి డాక్టర్లకు అంతుపట్టని గుట్టును ఇప్పటివాళ్లకు చెప్పేదీ అవే!

'ముక్క తీసి బయాప్సీకి పంపాలి' అని డాక్టరు అనగానే ఇంట్లో వాతావరణం మారిపోతుంది. పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. పిల్లల్ని పక్క గదిలోకి పంపేస్తారు. 'కత్తి తగిలితే కదిలి ఒళ్లంతా పాకుతుందట, వద్దని చెప్పండి' అంటూ ఏ చుట్టమో ఫోన్ చేస్తాడు. రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ ముద్ద దిగదు. ఇంతకీ ఆ నాలుగైదు రోజులూ ఆ ముక్క ఎక్కడుంటుంది? దాన్నేం చేస్తారు? రిపోర్టు చేతికొచ్చాక పారేస్తారా, దాస్తారా? దాస్తే ఎవరికోసం?

చాలామంది అడగని ప్రశ్నలివి. వైద్యశాస్త్రం మాత్రం నూరేళ్లకు పైగా ఈ ముక్కల మీదే నడుస్తోంది.

సీసా నుంచి స్లైడు దాకా

ఒంట్లోంచి బయటికి తీసిన మరుక్షణం నుంచే కణజాలం పాడవడం మొదలవుతుంది. కణాల్లోని ఎంజైములే వాటిని తినేస్తాయి. అందుకే వెంటనే ఫార్మలిన్‌లో వేస్తారు. దీని కథ తమాషాగా ఉంటుంది. 1893లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే వైద్యుడు ఫార్మాల్డిహైడ్ క్రిముల్ని చంపుతుందా లేదా అని పరీక్షలు చేస్తున్నాడు. పని చేస్తుండగా తన వేళ్ల చర్మమే గట్టిపడటం గమనించాడు. వేలు గట్టిపడితే, కోసి తీసిన ముక్క కూడా గట్టిపడాలి కదా! ఆ ఆలోచనే ఇప్పటికీ ప్రపంచంలోని ప్రతి పాథాలజీ ల్యాబ్‌నూ నడిపిస్తోంది.

ఫార్మలిన్‌లో గంటల తరబడి నానిన ముక్కను పాథాలజిస్టు ముందు కంటితో చూస్తారు. కొలుస్తారు, రంగు రాసుకుంటారు, ఎక్కడ అనుమానంగా ఉందో అక్కడ కోస్తారు. ఆ తర్వాత ఆల్కహాల్‌తో దానిలోని నీరంతా లాగేసి, జైలీన్‌లో ముంచి, దాదాపు 60 డిగ్రీల వేడిలో కరిగిన పారఫిన్ మైనంలో ఉంచుతారు. నీరు పోయిన చోటల్లా మైనం చేరుతుంది. చల్లారాక అదొక చిన్న దిమ్మె. ల్యాబుల్లో 'బ్లాకు' అంటారు. దాన్ని మైక్రోటోమ్ అనే యంత్రానికి బిగించి 3 నుంచి 5 మైక్రాన్ల మందాన పొరలుగా కోస్తారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే వెంట్రుకను నిలువునా పదిహేను ఇరవై పొరలుగా చీల్చినంత పలుచన! ఆ పొరలు రిబ్బన్‌లా ఒకదాని వెంట ఒకటి వస్తుంటే, గోరువెచ్చటి నీళ్ల మీద తేలేసి, గాజు పలకతో ఒడుపుగా పైకి లేపుతారు. ఇన్ని యంత్రాలొచ్చినా ఇది చేతివాటం ఉన్న టెక్నీషియన్ పనే. పొర ముడతపడితే పాథాలజిస్టు చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఇంత పలుచటి పొర దాదాపు పారదర్శకంగా ఉంటుంది. రంగు వేస్తేగానీ ఏమీ కనిపించదు. అందుకు వాడేది హెమటాక్సిలిన్. మధ్య అమెరికాలో పెరిగే ఓ చెట్టు చేవ నుంచి తీసే రంగు ఇది. ఒకప్పుడు బట్టల అద్దకానికి వాడేవారు. కణంలోని కేంద్రకం దాంతో ఊదారంగులోకి మారుతుంది. ఇయోసిన్ అనే మరో రంగు మిగతా భాగాన్ని గులాబీగా చేస్తుంది. అప్పుడు మైక్రోస్కోపు కింద ఓ ఊరి పటం చూసినట్టే ఉంటుంది. ఇళ్లు వరసగా, వీధులు తిన్నగా ఉంటే మామూలు కణజాలం. కేంద్రకాలు ఉబ్బిపోయి, వరస తప్పి, హద్దు గోడ దాటి పక్క వీధిలోకి చొరబడుతుంటే... క్యాన్సర్!

రిపోర్టు ఆలస్యమైతే చాలామంది 'ఏదో దాస్తున్నారు' అనుకుంటారు. నిజానికి ఫార్మలిన్ లోపలిదాకా ఇంకాలి, మైనం పట్టాలి. ఎముక అయితే ముందు ఆమ్లంలో ఉంచి సున్నాన్ని కరిగించాలి. సందేహం ఉంటే ఇంకో రంగు, ఇంకో పరీక్ష. వీటిలో దేన్నీ తొందరపెట్టలేం. తొందర తప్పనిసరైన చోట దారి వేరు. అమెరికాలోని మేయో క్లినిక్‌లో, రోగి బల్ల మీద ఉండగానే గడ్డ మంచిదో చెడ్డదో చెప్పే మార్గం చూడమని సర్జన్ విలియం మేయో కోరారు. 1905 జనవరిలో పాథాలజిస్టు లూయిస్ విల్సన్ ముక్కల్ని కిటికీ బయట చలిలో గడ్డకట్టించి, కోసి, నీలిరంగు వేసి నిమిషాల్లో ఫలితం చెప్పేశారు. ఇప్పుడు పెద్దాసుపత్రుల్లో జరిగే 'ఫ్రోజెన్ సెక్షన్'కు మూలం అదే.

ఇక కత్తి తగిలితే పాకుతుందన్న భయం సంగతి. మామూలుగా వచ్చే క్యాన్సర్లలో చాలావాటికి ఇది వర్తించదు. ముక్క తీయడానికి భయపడి నెలలు గడిపేస్తే మాత్రం రోగం దానంతటదే ముదురుతుంది. జాగ్రత్త తీసుకోవాల్సినవి కొన్ని లేకపోలేదు. వృషణంలో గడ్డ ఉంటే సూది గుచ్చి ముక్క తీయరు. ఎముకలూ కండరాల్లో పుట్టే సార్కోమాలకైతే, తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జనే సూది ఏ దారిన వెళ్లాలో నిర్ణయించాలి. ఈ తేడాలు డాక్టర్లకు తెలుసు. ఫోన్ చేసే చుట్టానికి తెలియవు.

అదీగాక, ముక్క ఎప్పుడూ చెడ్డ వార్తే మోసుకురాదు. మెడ మీద గడ్డతో, అది క్యాన్సరేనని మనసులో ఖాయం చేసుకుని వచ్చేవారిలో ఎందరికో సన్నటి సూదితో తీసిన కణాల్లో కనిపించేది క్షయ. మధ్యలో జున్నులా మారిన కణజాలం, చుట్టూ కాపలా కాస్తున్న కణాల గుంపు... చూడగానే పాథాలజిస్టుకు అనుమానం వస్తుంది. నెలల తరబడి మాత్రలు వాడాలి, నిజమే. కానీ నయమవుతుంది.

కడుపులో ఎవరో ఉన్నారు!

కడుపులో పుండు అనగానే ఒకప్పుడు అందరూ చెప్పే కారణాలు రెండే. కారం, కంగారు. డాక్టర్లు కూడా యాసిడ్ మీదే నెపం వేసేవారు. ఏళ్ల తరబడి మందులు మింగినా తగ్గక, చివరికి కడుపులో కొంత భాగాన్ని కోసి తీయించుకున్నవారు మన పెద్దల్లోనూ ఉన్నారు. ఆ కథను తిరగరాసింది ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఓ పాథాలజిస్టు.

రాబిన్ వారెన్ పని రోజూ స్లైడ్లు చూడటమే. 1979 జూన్‌లో, సరిగ్గా తన 42వ పుట్టినరోజున, కడుపులోంచి తీసిన ఓ ముక్క మీద సన్నటి నీలిగీతలాంటిది ఆయన కంటపడింది. వెండి రంగు వేసి మళ్లీ చూశారు. వంకర తిరిగిన బ్యాక్టీరియా గుంపులు గుంపులుగా ఉన్నాయి! అంత ఘాటైన ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని అప్పటి పుస్తకాలన్నీ ఘోషిస్తున్నాయి. 'అంత మామూలుగా ఉంటే ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు కనపడలేదు?' అన్నది అందరి ప్రశ్న. వారెన్ వాదించలేదు. అలాంటి ముక్కల్ని పోగు చేసుకుంటూ పోయారు.

1981లో బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో చేరాడు. ఇద్దరూ వందమంది రోగుల నుంచి కడుపు ముక్కలు తీసి చూశారు. డుయోడినంలో పుండు ఉన్నవారిలో దాదాపు అందరిలోనూ అవే వంకర క్రిములు. కానీ వాటిని ల్యాబ్‌లో పెంచబోతే ఒక్కటీ పెరగదు. రెండు రోజులు చూసి పళ్లాలు పారేయడం అక్కడి ఆనవాయితీ. 1982 ఈస్టర్ సెలవులొచ్చాయి. పళ్లాలు అయిదు రోజులు అలాగే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే బ్యాక్టీరియా నిక్షేపంగా పెరిగి ఉంది! అది నిదానంగా పెరిగే రకమని అప్పటిదాకా ఎవరికీ తెలియదు మరి.

అయినా ప్రపంచం నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని గటగటా తాగేశాడు. కొద్దిరోజులకే వికారం, వాంతులు. ఎండోస్కోపీ చేసి ఆయన కడుపులోంచే ముక్క తీస్తే, వాపు, దాంతోపాటు క్రిములూ కనిపించాయి. ఆ బ్యాక్టీరియానే ఇప్పుడు హెలికోబ్యాక్టర్ పైలోరి అంటున్నాం. ఇద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. కడుపు క్యాన్సర్‌కు దారితీసే కారణాల్లో దీన్నీ ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే ప్రకటించింది. ఎండోస్కోపీ గదిలో డాక్టరు చిన్న ముక్క తీసి పసుపు రంగు జెల్‌లో వేయడం, అది గులాబీ రంగుకు మారితే యాంటీబయాటిక్స్ రాయడం ఇప్పుడు నిత్యం జరిగేదే. కోసి తీయాల్సిన కడుపు రెండు వారాల మందులతో దక్కుతోంది. కారం మీద నిందలు మాత్రం ఇంకా పోలేదు!

79 ఏళ్ల తర్వాత...

1918 సెప్టెంబరు 26. అమెరికాలోని సౌత్ కరోలినాలో ఓ సైనిక శిబిరం. 21 ఏళ్ల సైనికుడొకడు ఫ్లూతో వచ్చిన న్యుమోనియాతో చనిపోయాడు. ఆ ఏడాది అలా పోయినవాళ్లు ఒకరా ఇద్దరా! ప్రపంచం మొత్తమ్మీద 5 కోట్ల మంది ఉంటారని అంచనా. ఒక్క మనదేశంలోనే కోటి మందికి పైగా. కారణం ఏమిటో వైద్యులకు తెలియదు. మనుషులకొచ్చే ఫ్లూ వైరస్‌ను మొదటిసారి పట్టుకున్నది 1933లో. అప్పటిదాకా ఏదో బ్యాక్టీరియానే అనుకున్నారు.

ఆ సైనికుడికి శవపరీక్ష చేసిన వైద్యుడు ఊపిరితిత్తి ముక్కల్ని ఫార్మలిన్‌లో వేసి, మైనంలో పొదిగి వాషింగ్టన్‌కు పంపాడు. అంతర్యుద్ధం రోజుల్లో, 1862లో అక్కడ పెట్టిన సైనిక వైద్య మ్యూజియం అలాంటి ముక్కల్ని సేకరించి దాచేది. ఆ దిమ్మె ఓ డబ్బాలో పడి ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు.

1990ల్లో అదే సంస్థలో పనిచేస్తున్న జెఫ్రీ టాబెన్‌బర్గర్, ఆన్ రీడ్ ఆ పాత దిమ్మెల్ని వెతికి తీశారు. ఆ సైనికుడి విషయంలో ఓ విచిత్రం ఉంది. అతని ఎడమ ఊపిరితిత్తి న్యుమోనియాతో పూర్తిగా నిండిపోయింది. కుడిది మాత్రం జబ్బు తొలిదశలోనే ఉంది. అంటే, వైరస్ ఇంకా తుడిచిపెట్టుకుపోని దశ. ఆ ముక్కలోంచి వైరస్ జన్యుపదార్థం తునకలు దొరికాయి. 1997 మార్చిలో 'సైన్స్' పత్రికలో ఆ సంగతి అచ్చయ్యింది.

దాన్ని చదివినవాళ్లలో జోహాన్ హల్టిన్ ఒకరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటున్న 72 ఏళ్ల విశ్రాంత పాథాలజిస్టు. స్వీడన్ నుంచి చదువుకోవడానికొచ్చిన కుర్రాడిగా 1951లో ఆయన అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ అనే పల్లెకు వెళ్లారు. 1918 నవంబరులో అక్కడి 80 మందిలో 72 మంది ఫ్లూకి బలయ్యారు. అందరినీ కలిపి మంచునేలలో పాతిపెట్టారు. హల్టిన్ తవ్వి ముక్కలు తెచ్చారుగానీ వైరస్ బతకలేదు. 46 ఏళ్లు ఆ వెలితి ఆయన్ని వదల్లేదు. టాబెన్‌బర్గర్‌కు ఉత్తరం రాసి, సొంత డబ్బుతో, భార్య తోటపనికి వాడే కత్తెర పట్టుకుని మళ్లీ బయల్దేరారు! ఊరి పెద్దల సభ అనుమతి తీసుకున్నాకే గడ్డపార వేశారు. లావుగా ఉన్న ఓ స్త్రీ మృతదేహం దొరికింది. కొవ్వు పొరలు ఆమె ఊపిరితిత్తుల్ని కాపాడాయి. ఆమెకు 'లూసీ' అని పేరు పెట్టుకున్నారు. ముక్కల్ని ఒకే పార్సిల్‌లో పంపితే పోతాయేమోనని వేర్వేరుగా పంపించారు. తిరిగి వచ్చేముందు ఆ సమాధి మీద పాతడానికి తన చేత్తో రెండు పెద్ద శిలువలు చేసి మరీ ఇచ్చారాయన.

ఆ ముక్కల సాయంతో 2005 నాటికి ఆ వైరస్ జన్యువులన్నీ చదివేశారు. ఆ తర్వాత 1957, 1968, 2009లలో వచ్చిన ఫ్లూ మహమ్మారుల వైరస్‌లలోనూ దాని జన్యువుల వాసనలున్నాయని తేలింది. హల్టిన్ 2022లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఎయిడ్స్ విషయంలోనూ ఇంతే. కిన్షాసాలో 1960లో ఓ మహిళ నుంచి తీసిన లింఫ్ గ్రంథి ముక్క మైనంలో భద్రంగా ఉంది. 2008లో మైకేల్ వొరోబే బృందం అందులోంచి హెచ్‌ఐవీని పట్టుకుని, ఆ వైరస్ దాదాపు 20వ శతాబ్దం తొలినాళ్ల నుంచే మనుషుల్లో తిరుగుతోందని లెక్కగట్టింది. 1980ల్లో పుట్టుకొచ్చిన రోగమని అప్పటిదాకా అనుకున్నవాళ్లే ఎక్కువ.

పేరు ఒకటే, రోగం వేరు

రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లకు డాక్టర్లు వేర్వేరు మందులు రాస్తే ఇంట్లోవాళ్లు తికమకపడతారు. దాని వెనకా ఫ్రీజర్లో దాచిన ముక్కలే ఉన్నాయి. లాస్‌ఏంజెలిస్‌కు చెందిన డెన్నిస్ స్లామన్ బృందం 1987లో 189 రొమ్ము కణితుల్ని పరిశీలించింది. దాదాపు 30 శాతం కణితుల్లో హెర్2 అనే జన్యువు ప్రతులు లెక్కకు మించి ఉన్నాయి. వాళ్లకే జబ్బు త్వరగా తిరగబెడుతోంది. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌కు తాళం వేసే ట్రాస్టుజుమాబ్ అనే మందుకు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు వరుసలు ఉంటాయి. ఆ మూడింటినీ బట్టే మందు. అవి లేని రిపోర్టు సగం రిపోర్టే.

రక్తక్యాన్సర్ కథలో మనవాడూ ఉన్నాడు. బోస్టన్‌లో పిల్లల శవపరీక్షలు చేసే పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ 1947లో లుకేమియా పిల్లలకు ఓ మందు ఇచ్చి చూశారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లీ ల్యాబ్ తయారుచేసిన అమినోప్టెరిన్ అది. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. మందు పనిచేస్తోందనడానికి సాక్ష్యం చెప్పింది మళ్లీ ముక్కే... ఆ పిల్లల ఎముక మూలుగ.

ఇంతకీ ముక్క ఎవరిది?

1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ వచ్చింది. అయిదుగురు పిల్లల తల్లి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. చికిత్స చేస్తూ తీసిన ముక్కలో కొంత పరిశోధకుడు జార్జ్ గై ల్యాబ్‌కు వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో, 31 ఏళ్లకే ఆమె చనిపోయింది. కణాలు మాత్రం చావలేదు. ల్యాబ్‌లో నిరంతరం పెరిగిన తొలి మానవ కణాలు అవే. 'హీలా' పేరుతో దేశదేశాలకూ వెళ్లాయి. పోలియో టీకా పరీక్షల్లోనూ వాటినే వాడారు. ఆమెను ఎవరూ అడగలేదు. కుటుంబానికి తెలిసేసరికి రెండు దశాబ్దాలు దాటింది. ఆ కణాలు అమ్ముకున్న కంపెనీల్లో ఒకటైన థెర్మో ఫిషర్‌తో 2023లో ఆ కుటుంబానికి రాజీ కుదిరింది.

అదే రోగంతో బాధపడే స్త్రీల నుంచి తీసిన ముక్కల్లోనే జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 84లలో పాపిలోమా వైరస్ రకాలు 16, 18లను కనుగొన్నారు. రెండోది హీలా కణాల్లోనూ ఉంది! టీకా పుట్టింది ఆ ముక్కల్లోంచే. మన సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన 'సెర్వావ్యాక్' 2023లో విడుదలైంది. ఆ తల్లికి జరిగిన అన్యాయమూ నిజమే, ఆ ముక్క వల్ల ఎందరి బిడ్డలకో జరుగుతున్న మేలూ నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయలేం.

బ్రిటన్‌లో ఇంకా ఘోరం జరిగింది. లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రిలో చనిపోయిన పిల్లల అవయవాల్ని తల్లిదండ్రులకు చెప్పకుండా ఏళ్లపాటు దాచారని 1999లో బయటపడింది. 2001 జనవరిలో విచారణ నివేదిక వచ్చింది. ఖననం చేసిన బిడ్డ గుండెను మళ్లీ పెట్టెలో అందుకుని, ఇంకోసారి, కొందరైతే మరోసారీ అంత్యక్రియలు జరిపిన తల్లిదండ్రులున్నారు. దాచిన వాటిలో చాలావాటి మీద పరిశోధనే జరగలేదు. ఆ కోపంలోంచి వచ్చిందే 2004 నాటి మానవ కణజాల చట్టం. అనుమతి లేకుండా ముక్కను ఉంచుకోవడం అక్కడ ఇప్పుడు నేరం.

అడిగితే ఇవ్వనివాళ్లు తక్కువే. బెంగళూరులోని నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి మెదడు కణజాల భాండాగారం ఉంది. అయినవాళ్లు పోయిన దుఃఖంలోనూ సంతకం పెట్టిన కుటుంబాల వల్లే అది నిలబడింది. పార్కిన్సన్స్, అల్జీమర్స్ లాంటి రోగాల్లో మెదడులో ఏం జరుగుతుందో చూడాలంటే బతికున్నవారి నుంచి ముక్క తీయడం కుదరదు కదా! ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో కణితుల భాండాగారం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు కూడా అలాంటి భాండాగారాలు ధర్మకర్తలే తప్ప యజమానులు కావంటున్నాయి. ఆపరేషన్‌కు ముందు పెట్టించుకునే సంతకాల కాగితాల్లో 'మిగిలిన కణజాలాన్ని పరిశోధనకు వాడుకోవచ్చు' అనే వాక్యం ఉందేమో చూసుకోవాలి. ఒప్పుకోవచ్చు, వద్దనవచ్చు. వద్దన్నంత మాత్రాన వైద్యం ఆగకూడదు.

సీసా చేతికిస్తే...

చిన్న ఊళ్లలో ఆపరేషన్ అయ్యాక ముక్క ఉన్న సీసాను రోగి బంధువుల చేతికే ఇచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ల్యాబ్‌కు పంపించడం మామూలే. సీసా మీద పేరు, వయసు, ముక్క ఏ భాగం నుంచి తీశారో రాసి ఉందా లేదా అన్నది అక్కడే చూసుకోవాలి. ఘాటు వాసన వస్తోందని ఫార్మలిన్ పారబోసి నీళ్లు పోయకూడదు. నీళ్లలో ముక్క కుళ్లిపోతుంది. క్షయ అనుమానం ఉంటే మాత్రం ఓ చిక్కుంది. ఫార్మలిన్ క్షయ క్రిముల్నీ చంపేస్తుంది కాబట్టి వాటిని ల్యాబ్‌లో పెంచి చూడటం కుదరదు. అందుకే డాక్టర్లు రెండో ముక్కను సెలైన్‌లో విడిగా పంపుతారు. రెండు సీసాలెందుకని ఒకదాన్ని వదిలేసి వెళ్తే మళ్లీ కోత తప్పదు.

రెండో అభిప్రాయం కోసం పెద్దాసుపత్రికి వెళ్లేవాళ్లు చాలామంది రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తారు. అక్కడి పాథాలజిస్టుకు కాగితంతో పనిలేదు. స్లైడ్లు, వాటితోపాటు మైనపు బ్లాకు కావాలి. మొదట పరీక్ష చేసిన ల్యాబ్‌లో రాతపూర్వకంగా అడిగి, సంతకం చేసి తెచ్చుకోవచ్చు. పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. బ్లాకును ఎండలో నిలిపిన కారులో వదలొద్దు, మైనం కరుగుతుంది. ఎన్నాళ్లు దాస్తారో ముందే అడిగి ఆ ల్యాబ్ ఇచ్చిన నంబరును ఫైలు మీద రాసిపెట్టుకోవాలి. ఊపిరితిత్తి క్యాన్సర్‌కు కొత్త మాత్ర సరిపోతుందో లేదో చూడటానికి, ఏళ్ల కిందట తీసిన ఆ బ్లాకునే తెమ్మని డాక్టర్లు అడగడం ఇప్పుడు మామూలైపోయింది.